శుక్లం తీశాక కంట్లో ఒత్తిడి ఎందుకు మారుతుంది?

చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో ఏడో తరగతి చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల తాతకి కుడికంట్లో శుక్లం వస్తే కిందటేడు విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. ఇప్పుడాయన పేపరు తనే చదువుకుంటున్నాడు. పొద్దున్నే చెరువుగట్టు మీదుగా నడిచివెళ్లి పొలం చూసుకొస్తున్నాడు. అయినా ఆసుపత్రివాళ్లు మళ్లీ రమ్మని చీటీ మీద తారీఖు వేసి పంపారు. ఆ చీటీ చేత్తో పట్టుకుని అమ్మాయి అడిగింది: “మా తాతకి బాగానే అవుపిస్తంది. శుక్లం తీసేసినారు గదా, మరింకా కంట్లో పెషరెందుకు సూత్తారు? ఓపాలి పెరిగిపోనాది, ఓపాలి తగ్గిపోనాది. ఎందుకలాగ?”

చీటీలో నిజంగానే నాలుగు అంకెలున్నాయి. ఆపరేషన్‌కి ముందు 22. మర్నాడు పొద్దున్న 31. నెలన్నర తర్వాత 18. ఏడాదికి 17. ప్రతి అంకె పక్కనా ‘ఐ.ఓ.పి.’ అని రాసి ఉంది. కంటి లోపలి ఒత్తిడిని డాక్టర్లు అలా పొట్టిగా రాసుకుంటారు.

పెద్దవాళ్లు చాలామంది ఈ అంకెలను చూడకుండానే చీటీ మడిచి సంచిలో పెట్టేస్తారు. ఆ అమ్మాయి చూసింది, తేడా గమనించింది, ఎందుకని అడిగింది. ఆ నాలుగు అంకెలనే ఒక్కొక్కటిగా అర్థం చేసుకుందాం.

ఏమిటీ ఒత్తిడి?

ముందు ఒక పొరపాటు తొలగించుకోవాలి. ‘ప్రెషర్’ అనగానే మనకు బీపీ గుర్తుకొస్తుంది. “మా నాన్నకి బీపీ లేదండీ, కంట్లో ప్రెషర్ ఎలా వస్తుంది?” అని చాలామంది అడుగుతారు. బీపీ రక్తనాళాల్లో రక్తం తోసే ఒత్తిడి. కంటి ఒత్తిడి కనుగుడ్డు లోపల నీరు తోసే ఒత్తిడి. బీపీ లేనివాళ్లకు కంట్లో ఒత్తిడి ఎక్కువ ఉండొచ్చు, బీపీ ఉన్నవాళ్లకు కంట్లో మామూలుగానే ఉండొచ్చు. చేతికి పట్టీ చుట్టి చూసేది ఒకటి, కంటి దగ్గర చూసేది వేరొకటి.

కంట్లో అసలు ఒత్తిడి ఎందుకుండాలి? గాలి తీసేసిన బంతిని నేల మీద పెడితే సొట్టపడి కూలబడుతుంది. గాలి కొడితే గుండ్రంగా నిలబడుతుంది. కనుగుడ్డు కూడా గుండ్రంగా నిలబడితేనే వెలుగు సరైన చోట పడి బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. బంతిని గాలి నిలబెట్టినట్టు కంటిని లోపలి నీరు నిలబెడుతుంది. ఏడ్చినప్పుడు చెంపల మీద జారే కన్నీళ్లు వేరు. అవి కంటి బయట పుట్టి బయటే ఉంటాయి. మనం చెప్పుకునే నీరు కంటి లోపల పుట్టి, లోపలి దారినే వెళ్లిపోతుంది.

ఈ నీటిని అర్థం చేసుకోవడానికి మన చెరువులే చాలు. వానాకాలం గెడ్డ నుంచి చెరువులోకి నీరు వస్తుంది. మదుము తీస్తే పొలాలకు వెళ్తుంది. వచ్చే నీరూ పోయే నీరూ సమానంగా ఉంటే చెరువు మట్టం నిలకడగా ఉంటుంది. మదుముకి గుర్రపుడెక్కో బురదో అడ్డుపడితే, గెడ్డ నుంచి వచ్చే నీరు మామూలుగానే ఉన్నా మట్టం పెరిగి గట్టు మీద భారం పడుతుంది.

కంట్లోనూ అంతే. కంటి రంగును బట్టి నల్లగానో గోధుమరంగుగానో కనిపించే గుండ్రటి తెర ఉంది కదా, దాన్ని ఐరిస్ అంటారు. దాని మధ్య ఉన్న రంధ్రమే కనుపాప. ఐరిస్ వెనకాల సీలియరీ బాడీ అనే ఉంగరంలాంటి భాగం ఉంటుంది. ఈ చెరువుకు గెడ్డ అదే, నీరు అక్కడే ఊరుతుంది. ఆ నీరు కనుపాప గుండా ముందు గదిలోకి వస్తుంది. ఐరిస్ అంచూ కంటి ముందుండే అద్దంలాంటి కార్నియా అంచూ కలిసే మూల వరకు వెళ్తుంది. ఆ మూలలో సన్నటి జల్లెడ ఉంది. దాంట్లోంచి వడిసి, ష్లెమ్ కాలువ అనే సన్నటి గొట్టంలోకి దిగి, చివరికి రక్తంలో కలిసిపోతుంది. మన కథలో మదుము ఆ జల్లెడే. దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి.

ఊరే నీరు ఎంతో తెలుసా? నిమిషానికి సుమారు 2.5 మైక్రోలీటర్లు, అంటే చుక్కలో ఇరవయ్యో వంతు. రోజు మొత్తం కూడబెట్టినా ఒక టీస్పూను నిండదు. కాని ముందు గదిలో పట్టేదే నాలుగైదు చుక్కలు కాబట్టి, గంటన్నర రెండు గంటల్లో ఆ నీరంతా మారిపోయి కొత్త నీరు వస్తుంది. ఇంత చిన్న చెరువు కనకే మదుము కాస్త మూసుకున్నా మట్టం త్వరగా పెరుగుతుంది.

ఆ అంకె ఎలా వస్తుంది?

చెరువు మట్టం చూడ్డానికి కొలబద్ద పెట్టినట్టు కంటి ఒత్తిడిని కొలవడానికీ సాధనాలున్నాయి. ఒక యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చుంటే కంటి మీదికి ‘టప్’మని గాలి కొడుతుంది. ఉలిక్కిపడతాం కాని నొప్పి ఉండదు. దానికన్నా నమ్మకమైనది గోల్డ్‌మన్ పద్ధతి. కంటికి తిమ్మిరి చుక్క, పసుపురంగు చుక్క వేస్తారు. నీలి వెలుగులో చిన్న గాజుమొనను కార్నియాకు మెత్తగా ఆనిస్తారు. డాక్టరుకు రెండు ఆకుపచ్చ అర్ధవలయాలు కనిపిస్తాయి. పక్కనున్న చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఆ రెండూ జరిగి, లోపలి అంచులు ఒకదాన్నొకటి తాకుతాయి. అక్కడ ఆపి చక్రం మీది అంకె చదువుతారు. బంతిలో గాలి ఎంతుందో వేలితో నొక్కి చూస్తామే, ఇదీ అలాంటిదే. కాకపోతే లెక్క ప్రకారం జరుగుతుంది.

అంకె 17 అయితే, ఆ ఒత్తిడి పాదరసాన్ని 17 మిల్లీమీటర్ల ఎత్తు నిలబెట్టగలదని అర్థం. సాధారణంగా 10 నుంచి 21 వరకు మామూలు అంటారు. రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా రెండు మూడు అంకెలు అటూ ఇటూ కావడం సహజం.

మట్టం పెరిగితే నష్టమేమిటి? కంటి వెనక నుంచి మెదడుకు చూపును మోసే నరం ఉంది. పది లక్షలకు పైగా సన్నటి పోగులు కలిసి పేనిన తాడులాంటిది అది. ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పోగులు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. ముందు పక్క చూపు పోతుంది. ఎదుటివాళ్ల మొహం బాగానే కనిపిస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. ఈ జబ్బును నీటికాసులు అంటారు, డాక్టర్లు గ్లకోమా అంటారు. శుక్లం వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ ఆపరేషన్ చేసినా తిరిగి రాదు. తాత చీటీలోని అంకెలకు అంత విలువ అందుకే.

మొదటి అంకె: 22 ఎందుకు?

ఐరిస్ తెర వెనకాల లెన్సు ఉంటుంది. పుట్టినప్పుడు గాజులా తేటగా ఉంటుంది. అదే మసకబారితే శుక్లం అంటాం, మన పల్లెల్లో కంట్లో పువ్వు పూసిందనీ అంటారు. మసకబారడం అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది: లెన్సు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. గోళ్లు, జుట్టు పెరిగితే కత్తిరిస్తాం. లెన్సు పొరల మీద పొరలు వేసుకుంటుంది, పాతవి రాలిపోవడానికి దారి లేదు. వయసులో సుమారు 4 మిల్లీమీటర్ల మందం ఉన్నది ముసలితనానికి 5 దాకా వస్తుంది. శుక్లం నీరు పట్టి ఉబ్బితే ఇంకా లావవుతుంది.

ఒక మిల్లీమీటరు ఎంతని అనిపిస్తుంది. చిన్న గది ఊహించుకోండి. గది మధ్యలో తెర కట్టి ఉంది. తెర ముందు మూలలో నీళ్లు పోయే కన్నం. తెర వెనకాల ధాన్యం బస్తా. ఆ బస్తా ఏటికేడు లావెక్కుతుంటే ఏమవుతుంది? తెరను ముందుకు తోస్తుంది. తోసుకొచ్చిన తెర మూలలోని కన్నం మీదికి ఒరుగుతుంది. నీళ్లు నెమ్మదిగా పోతాయి, గదిలో నిలబడతాయి.

లావెక్కిన లెన్సు ఐరిస్‌ను తోసి జల్లెడ ఉన్న మూలను ఇరుకు చేయడం ఇదే. చిన్న కళ్లున్నవాళ్లలో, దగ్గరివి దూరంవి చూడ్డానికి ప్లస్ అద్దాలు వాడేవాళ్లలో ఆ మూల పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది, కాబట్టి వాళ్లకు ఇబ్బంది ఎక్కువ. తాతకి ఆపరేషన్ ముందు 22 రావడానికి ఇదొక కారణం కావచ్చు. ఇంకొకటి, వయసుతోపాటు జల్లెడ కూడా కొంత పూడిపోతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. “శుక్లం బాగా ముదరనీ, అప్పుడు తీయించుకుందాం” అనే మాట మన ఊళ్లలో ఇంకా వినపడుతుంది. పూర్వం లెన్సు మొత్తాన్ని ఒక్క ముక్కగా బయటికి తీసేవారు. ముదిరినది తేలికగా ఊడివచ్చేది కనక ఆగమనేవారు. లోపల లెన్సు పెట్టేవారు కాదు, జీవితాంతం సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకోవాల్సి వచ్చేది. 1949లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు లండన్‌లో మొదటిసారి కంటి లోపల కృత్రిమ లెన్సు అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ శుక్లాన్ని లోపలే పొడిచేసి పీల్చేసే ఫేకో పద్ధతి తెచ్చాడు. ఆ పద్ధతిలో ముదిరిన శుక్లం తీయడమే కష్టం. కాలం మారింది, మాట మాత్రం మిగిలిపోయింది.

ఆగితే రెండు ప్రమాదాలున్నాయి. ఉబ్బిన శుక్లం మూలను పూర్తిగా మూసేయొచ్చు. లేదా మరీ ముదిరిన శుక్లం లోపల పాలలా కరిగి, ఆ మడ్డి బయటికి ఊరి జల్లెడలో ఇరుక్కుపోవచ్చు. రెండింట్లోనూ ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను ఎర్రబడుతుంది, తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది, వాంతులవుతాయి. కడుపులో ఏదో తేడా చేసిందనుకుని రెండు రోజులు ఇంట్లో ఉంటే చూపు శాశ్వతంగా పోవచ్చు. శుక్లం ఉన్న ముసలివాళ్లకు కన్ను ఎర్రబడి వాంతులైతే ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రెండో అంకె: మర్నాడు 31 ఎందుకు?

చీటీలో అమ్మాయిని భయపెట్టిన అంకె ఇదే. శుక్లం తీస్తే ఒత్తిడి తగ్గాలి కదా, పెరిగిందేం?

ఆపరేషన్ ఎలా జరుగుతుందో చూస్తే కారణం దొరుకుతుంది. అంత చిన్న గదిలో పనిచేయాలంటే గది కూలబడకూడదు, లోపలి సున్నితమైన గోడలకు పనిముట్లు తగలకూడదు. అందుకని తేనెలాంటి తేటైన జిగురుమందును లోపలికి ఎక్కిస్తారు. అది గదిని నిలబెట్టి గోడలను కాపాడుతుంది. పని అయ్యాక దాన్ని కడిగి పీల్చేస్తారు. ఎంత జాగ్రత్తగా కడిగినా కొత్తగా పెట్టిన లెన్సు వెనకాలో మూలలోనో కొంచెం మిగలొచ్చు. ఆ జిగురు నీటితోపాటు జల్లెడ దాకా వెళ్తుంది. మజ్జిగ వడిసే బట్టలో తేనె పోస్తే ఎలా ఉంటుంది? కాసేపు దారి మూసుకుంటుంది. దానికి తోడు, కోత తగిలిన కన్ను కొంచెం వాస్తుంది. వాపుకణాలూ శుక్లపు నలుసులూ కూడా అదే జల్లెడ దగ్గరికి చేరతాయి.

కాబట్టి ఆపరేషన్ అయిన కొద్ది గంటల్లో ఒత్తిడి పెరగడం చాలా కళ్లలో జరిగేదే. ఎక్కువమందిలో అది ఒక రోజులోనే దిగిపోతుంది, కొందరిలో రెండు మూడు రోజులు పడుతుంది. జిగురు కరిగి వెళ్లిపోగానే జల్లెడ తెరుచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న నరం ఈ కొద్ది గంటల భారాన్ని ఓర్చుకుంటుంది. ముందే నీటికాసులతో నీరసించిన నరం ఓర్చుకోలేదు. మర్నాడు కట్టు విప్పాక ఇంటికి తొందరపడకుండా డాక్టరు చూసేదాకా కూర్చోవాలనేది అందుకే. “ఇంకా నాకు బస్సుంది” అని వెళ్లిపోయేవాళ్లు ఆ ఒక్క పూట ఆగాలి.

తాతకి ఆ రోజు ఒక మాత్ర ఇచ్చినట్టు చీటీలో ఉంది. దాని పేరు ఎసిటజోలమైడ్. అది గెడ్డ నుంచి వచ్చే నీటిని తగ్గిస్తుంది. మదుము తెరుచుకునేదాకా చెరువులోకి వచ్చే నీటిని తగ్గించడం మంచి ఉపాయమే కదా. వేలికొనలు చిమచిమలాడతాయి, మాటిమాటికీ ఒంటికి వెళ్లాలనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఉద్దానం వాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగి చదవాలి. ఈ మాత్ర ఒంట్లోంచి మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కవిటి, కంచిలి, సోంపేట, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మనకు తెలుసు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో ఈ మందు బయటికి పోక ఒంట్లో పేరుకుని హాని చేస్తుంది. కాబట్టి కంటి ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు “కంటికీ కిడ్నీకీ ఏమిటి సంబంధం” అనుకోకుండా క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి, డాక్టరు అడగకపోయినా చెప్పండి. ఆయాసం ఉన్నవాళ్లూ అలాగే చెప్పాలి. ఒత్తిడి తగ్గించే టిమోలాల్ చుక్కలు వాళ్లకు ఆయాసం పెంచగలవు. ముందే చెబితే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు.

మూడో అంకె: నెలన్నరకి 18

ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కలు వేయమంటారు. మొదట్లో రోజుకు ఆరుసార్లు, తర్వాత నాలుగు, మూడు, రెండు, ఒకటి అని తగ్గించుకుంటూ వస్తారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కోత వల్ల వచ్చిన వాపును తగ్గించడానికి అది కావాలి. వాపు తగ్గకపోతే కన్ను మానదు.

కాని కొందరి కళ్లు ఈ మందుకు వేరేగా స్పందిస్తాయి. స్టెరాయిడ్ వల్ల జల్లెడలో ఒక రకం పదార్థం పేరుకుంటుంది, దాన్ని తినేసి శుభ్రంచేసే కణాలు మందగిస్తాయి. మదుము దగ్గర పూడిక తీసేవాళ్లు పనిలోకి రాకపోతే జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత ఒత్తిడి పెరుగుతుంది. నూటికి నలుగురైదుగురికి బాగా పెరుగుతుంది. చుక్కలు మొదలుపెట్టిన రెండు వారాల తర్వాత ఇది బయటపడుతుంది. ముందే నీటికాసులున్నవాళ్లలో, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఆ జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువ. నొప్పి ఉండదు కాబట్టి కొలిచి చూస్తేనే తెలుస్తుంది. నెలకో నెలన్నరకో రమ్మనేది అందుకు. చుక్కలు ఆపగానే చాలామందిలో కొద్ది వారాల్లో ఒత్తిడి తిరిగి మామూలైపోతుంది.

అసలు ప్రమాదం మిగిలిపోయిన సీసాతో వస్తుంది. ఆరు వారాల తర్వాత సీసాలో సగం మందు మిగులుతుంది. మూడు నెలలకి కన్ను కొంచెం ఎర్రబడితే “అప్పుడు హాయిగా ఉంది కదా” అని అదే వేసుకుంటారు. అయిపోతే మెడికల్ షాపులో పాత సీసా చూపించి కొత్తది కొంటారు. నూర్పుల్లో దుమ్ము పడినా, జీడిపిక్కలు కాల్చే పొగ తగిలినా అదే వాడతారు. చల్లగా ఉంటుంది, ఎరుపు పోతుంది, లోపల మాత్రం ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది. డాక్టరు చెప్పిన రోజున చుక్కలు ఆపి, ఆ సీసా పారేయాలి.

తాత కంటికి స్టెరాయిడ్ పడింది, ఇబ్బంది రాలేదు. 31 ఉన్నది 18కి దిగింది. ముందున్న 22 కన్నా కూడా తగ్గింది. నాలుగో అంకెకు దారి ఇక్కడే మొదలైంది.

నాలుగో అంకె: ఏడాదికి 17

ఆ గది మళ్లీ గుర్తుతెచ్చుకోండి. బస్తా తీసేసి దాని చోట పళ్లెం పెట్టాం. కృత్రిమ లెన్సు మందం సుమారు ఒక మిల్లీమీటరే. 5 మిల్లీమీటర్లది తీసి ఒక మిల్లీమీటరుది పెడితే ఐరిస్ తెర వెనక్కి వాలుతుంది. ముందు గది లోతవుతుంది. మూల విచ్చుకుంటుంది, మదుము ముందున్న అడ్డు తొలగుతుంది. ఇది ముఖ్యమైన కారణం, మూల ఇరుకుగా ఉన్నవాళ్లలో మేలు బాగా కనిపించడానికీ ఇదే కారణం.

మూల ముందే విశాలంగా ఉన్నవాళ్లలో కూడా ఒత్తిడి కొంత తగ్గుతుంది. దానికి ఇంకో రెండు కారణాలు ఉండవచ్చని పరిశోధకులు భావిస్తున్నారు. ఒకటి, లెన్సు ఇమిడి ఉండే పల్చటి సంచిని చుట్టూ పట్టి ఉంచే సన్నటి దారాలు ఆపరేషన్ తర్వాత బిగుసుకుని జల్లెడను వెనక్కి లాగి విప్పుతాయి. వల అంచులు లాగితే కన్నులు విచ్చుకున్నట్టు. రెండు, ఫేకో చేసేటప్పుడు లోపల పారించే నీరూ అతిధ్వని తరంగాలూ జల్లెడలోని పాత మడ్డిని కదిల్చి, అక్కడి కణాలను మళ్లీ శుభ్రంచేసే పనిలోకి దించుతాయి.

ఎంత తగ్గుతుంది? అమెరికాలో కంటి ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. శుక్లం తీయించుకున్నవాళ్లలో సగటు 23.9 నుంచి 19.8కి దిగింది, మూడేళ్లపాటు ఆ తగ్గుదల కనిపించింది. నీటికాసులున్నవాళ్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి అమెరికా కంటివైద్యుల అకాడమీ 2015లో లెక్క చూసింది. మూల విశాలంగా ఉన్న రకంలో సగటున నూటికి 13 వంతులు, మూల ఇరుకైన రకంలో నూటికి 30 వంతులు తగ్గిందని తేలింది. ముందు ఎంత ఎక్కువ ఉంటే తగ్గుదల అంత ఎక్కువ. 14 ఉన్న కంట్లో పెద్దగా మార్పు ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

2016లో వెలువడిన ఈగల్ అనే అధ్యయనం ఇంకో మెట్టు ఎక్కింది. మూల ఇరుకై ఒత్తిడి పెరిగిన 419 మందిని తీసుకుని, శుక్లం లేకపోయినా కొందరికి లెన్సు తీశారు, కొందరికి మామూలుగా చేసే లేజర్ చేశారు. మూడేళ్లకు లెన్సు తీసినవాళ్లలో ఒత్తిడి తక్కువగా ఉంది, మందు చుక్కలు అవసరమైనవాళ్లు కూడా చాలా తక్కువ. లావెక్కిన లెన్సే మదుముకి అడ్డమని చెప్పడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

తాత చీటీలో 22 పోయి 17 రావడం ఇలాగే జరిగింది.

మరింకా ఎందుకు చూస్తారు?

ఇప్పుడు ఆ అమ్మాయి మొదటి ప్రశ్నకు రావచ్చు. తగ్గింది కదా, మరి ఎందుకు?

లెన్సు అడ్డు తీశామే కాని జల్లెడను మార్చలేదు. అది పాతదే. దాని వయసు ఏటా పెరుగుతూనే ఉంటుంది. కొందరిలో నాలుగైదేళ్లకు తగ్గుదల కొంచెం కొంచెంగా కరిగిపోయి ఒత్తిడి మళ్లీ పైకి వస్తుంది. నరం ముందే దెబ్బతిని ఉంటే 17 కూడా దానికి ఎక్కువ కావచ్చు. అలాంటివాళ్లకు డాక్టరు ఇంకా తక్కువ అంకె లక్ష్యంగా పెట్టుకుంటారు. నీటికాసుల చుక్కలు వాడేవాళ్లు “ఆపరేషన్ అయిపోయింది కదా” అని సొంతంగా మానేయకూడదు. మానొచ్చో లేదో కొలిచి చూసి డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి కూడా ఉంది. నెలలకో ఏళ్లకో కొందరికి లెన్సు వెనక సంచి మసకబారుతుంది. శుక్లం మళ్లీ వచ్చిందని కంగారుపడతారు. శుక్లం మళ్లీ రాదు, ఆ మసకను లేజర్‌తో నిమిషాల్లో తీసేస్తారు. ఆ లేజర్ తర్వాత కూడా కొద్ది గంటలు ఒత్తిడి పెరగొచ్చు, అందుకే అప్పుడూ కొలుస్తారు.

అన్నిటికన్నా పెద్ద కారణం, ఈ జబ్బు చప్పుడు లేకుండా రావడం. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మంది కళ్లు పరీక్షించింది. హైదరాబాద్ నగరంలో మూల విశాలంగా ఉండే రకం నీటికాసులు బయటపడినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఆసుపత్రులు పక్కనే ఉన్న మహానగరంలోనే అలా ఉంటే, బస్సు పట్టుకుని పూట ప్రయాణం చేయాల్సిన మన పల్లెల సంగతి ఆలోచించండి. ఆ సంస్థే 2006లో విశాఖ హనుమంతవాకలో ఆసుపత్రి తెరిచింది. విశాఖలో శంకర్ ఫౌండేషన్, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, విజయనగరంలో పుష్పగిరి ఉన్నాయి. శుక్లానికి అంతదూరం వెళ్లొచ్చినవాళ్లు, చూపు వచ్చింది కదా అని రెండోసారి వెళ్లరు. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ పోతుంది. ఆ కష్టం నిజమే. కాని ఏడాదికి ఒక్క రోజు పెడితే, తిరిగిరాని చూపు నిలబడుతుంది.

అందుకని, అమ్మా, మీ తాతని ఆ తారీఖున తీసుకెళ్లమని మీ నాన్నకి గట్టిగా చెప్పు. ఆ చీటీ పారేయకుండా ప్లాస్టిక్ కవర్లో దాచి పెట్టు. పాత అంకె తెలిస్తేనే కొత్త అంకెకు అర్థం ఉంటుంది. ఎడమకంట్లో ఇంకా సొంత లెన్సే ఉంది కాబట్టి దాన్నీ చూడమని అడగండి. ఒత్తిడితో పాటు కంటి నరం కూడా చూడమనండి. ఇంట్లో నలభై దాటినవాళ్లు ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకు వెళ్లండి, ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో నడుస్తుంది. కుర్చీలోంచి లేచే ముందు డాక్టరుగారిని మీ తాత ఒక్క మాట అడగాలి: “నా కంట్లో ప్రెషర్ ఎంతుందండీ?” ఆయన చెప్పిన అంకెను చీటీలో ఐదో అంకెగా నువ్వే రాయి.